కనుమ రోజు అరుగు మీద 31 మందికి బీపీ చూశా, 13 మందికి ఎక్కువ! మిషన్ తప్పా, మా ఊరే అంతా?

కాకానిరోడ్ | జనవరి 17, రాత్రి 9:10

నమస్తే అందరికీ. మాది గుంటూరుకి ఇరవై కిలోమీటర్ల లోపు పల్లె. పేరు చెప్పను, ఊళ్లో సగం మంది ఇక్కడే ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో లెక్కలు రాస్తుంటాను. పండక్కి వెళ్తూ అమ్మ కోసం బీపీ మిషన్ కొన్నాను, దండచేతికి చుట్టేది.

కనుమ పొద్దున అరుగు మీద అమ్మకు చూస్తుంటే ఎదురింటి పెద్దమ్మ వచ్చి "నాకూ ఒకసారి చూడు నాయనా" అంది. తర్వాత ఆమె కోడలు. ఆ తర్వాత పాలాయన. పదింటికల్లా మా అరుగు పీహెచ్‌సీ వరండా అయిపోయింది. మధ్యలో సెల్స్ అయిపోతే టీవీ రిమోట్‌లోవీ, గోడ గడియారంలోదీ పీకి పెట్టాను.

అకౌంట్స్ బుద్ధి కదా, అన్నీ డైరీలో రాశా. చూసింది 31 మందిని, అందరూ ముప్పై ఏళ్లు దాటినవాళ్లే. 140/90 దాటింది 13 మందికి. ఆ పదముగ్గురిలో తమకు బీపీ ఉందని ముందే తెలిసినవాళ్లు ఆరుగురు. రోజూ బిళ్ళ వేసుకునేది ఇద్దరు.

మా బాబాయికి 188/106 వచ్చింది. అరవై రెండేళ్లు, ఇప్పటికీ యూరియా బస్తా ఒక్కడే ఎత్తి బండి మీద వేస్తాడు. "నాకేం నొప్పి లేదురా, బీపీ నీ డబ్బాకే ఉంది" అని లేచి వెళ్లిపోయాడు. ఇంతమందికి ఉంటుందా అసలు? మిషన్ తిరిగి ఇచ్చేయాలా?

మంగళగిరి_మగ్గం | జనవరి 17, రాత్రి 9:32

మిషన్ తప్పే బ్రో. బీపీ అనేది ఈఎంఐలు, ట్రాఫిక్, మేనేజర్ ఉన్నవాళ్లకి. పొలం పని చేసేవాడికి, చద్దన్నం తినేవాడికి బీపీ ఏంటి? మా తాత 91 ఏళ్లు బతికాడు, ఒక్క బిళ్ళ వేయలేదు.

ఏఎన్‌ఎం_అక్క | జనవరి 17, రాత్రి 10:05

మంగళగిరి తమ్ముడూ, మీ తాతగారికి బీపీ ఎవరైనా చూశారా ఎప్పుడైనా? చూడకపోతే లేనట్టే కదా మరి.

కాకానిరోడ్ గారూ, తిరిగి ఇచ్చేయకండి. ముందు ఇవి చెప్పండి. వచ్చినవాళ్లని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టారా? వీపుకి ఆనింపు ఉందా, కాళ్లు నేలకి ఆనాయా? చెయ్యి గుండె ఎత్తులో దేనిమీదైనా పెట్టారా? పట్టీ జాకెట్ మీద, చొక్కా మీద చుట్టారా? అరగంట లోపు టీ, చుట్ట, బీడీ? చూస్తున్నంతసేపూ మాట్లాడుతున్నారా? ఒంటేలుకి వెళ్లొచ్చారా? నవ్వకండి, ఉగ్గబట్టుకుని కూర్చుంటే పది పాయింట్లు లేచిన కేసులు నేను రోజూ చూస్తా.

కాకానిరోడ్ | జనవరి 17, రాత్రి 10:21

అక్కా, అన్నింటికీ సమాధానం ఒకటే. చేయలేదు.

అరుగు మీద వీపుకి ఆనింపు ఎక్కడిది, కాళ్లు గాల్లో ఊగుతున్నాయి. పట్టీ చొక్కా మీదే. కనుమ కదా, గారెలు, కోడికూర నడుస్తున్నాయి. నా పక్కనే మా అత్త "మొన్న పందెంలో వాడెంత పోగొట్టుకున్నాడు" అని అందరి దగ్గరా కూపీ లాగుతోంది. బాబాయి అయితే పశువులకి కొమ్ముల రంగు వేసి, చుట్ట ఆర్పి నేరుగా వచ్చి కూర్చున్నాడు.

ఏఎన్‌ఎం_అక్క | జనవరి 17, రాత్రి 10:30

హహ. అయితే ఆ పదముగ్గురిలో కొందరు పోతారు. అందరూ పోరు. మళ్లీ చూడండి. ఒక్కొక్కరికి రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి. వేరే రోజు ఇంకోసారి. ఒక్కపూట చూసి బీపీ అని ముద్ర వేయకూడదు. చలికాలంలో మామూలుగానే కాస్త ఎక్కువ చూపిస్తుంది, అదీ గుర్తుంచుకోండి. లావు చేతులవాళ్లకి చిన్న పట్టీ చుడితే లేని బీపీ ఉన్నట్టు వస్తుంది.

కానీ మీ బాబాయిగారి 188ని మాత్రం చుట్ట మీదకి తోసేయొద్దు. ఈ వారంలోనే మళ్లీ చూడాలి. తలనొప్పి, ఛాతీలో బరువు, మాట తడబడటం, చూపు మసకబారటం లాంటివి తోడైతే వారం కాదు, అప్పటికప్పుడు 108.

గుంటూరు_పీజీ | జనవరి 18, ఉదయం 6:50

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి. జనరల్ మెడిసిన్ పీజీని.

31లో 13 అంటే 42 శాతం. ముప్పై దాటినవాళ్లనే చూశారు, పైగా కొలత తప్పు. కాబట్టి కొంచెం తీసేయండి. తీసేసినా మీ ఊరు వింత ఊరేం కాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇండియాబ్ సర్వేలో దేశమంతా లక్షా 13 వేల మందిని, ఇరవై ఏళ్లు దాటినవాళ్లని చూశారు. బీపీ ఉన్నది 35.5 శాతం మందికి. పల్లెల్ని విడిగా తీసినా దాదాపు మూడో వంతు. పట్నంలో ఇంకొంచెం ఎక్కువ, అంతే. "పల్లెకి బీపీ రాదు" అనే మాట పాతబడిపోయింది.

మంగళగిరి_మగ్గం | జనవరి 18, ఉదయం 8:15

డాక్టర్ గారూ, కుటుంబ ఆరోగ్య సర్వేలో 21, 24 శాతం అని పేపర్లో చదివినట్టు గుర్తు. ఒకరు 35 అంటారు, ఒకరు 21 అంటారు. ఏది నమ్మాలి?

గుంటూరు_పీజీ | జనవరి 18, మధ్యాహ్నం 2:40

మంచి ప్రశ్న. రెండూ నిజమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21ది మీరు చదివింది. దేశం మొత్తంలో ఆడవాళ్లు 21, మగవాళ్లు 24 శాతం. అది పదిహేనేళ్ల పిల్లల దగ్గర్నుంచి లెక్కేస్తుంది, ఇంటర్ కుర్రాళ్లని కలిపితే శాతం తగ్గదా మరి? అదే సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ దేశం కన్నా పైన ఉంది. ఆడవాళ్లలో పావు వంతు, మగవాళ్లలో 29 శాతం.

నాకు ఆ 13 కన్నా మీ డైరీలో తర్వాతి రెండు అంకెలే పట్టుకున్నాయి. పదముగ్గురిలో తెలిసినవాళ్లు ఆరుగురు, బిళ్ళ వేసుకునేవాళ్లు ఇద్దరు. దీన్ని మా పుస్తకాల్లో సగాల లెక్క అంటారు. ఉన్నవాళ్లలో సగం మందికే తెలుసు, తెలిసినవాళ్లలో సగమే మందు వాడతారు, వాడినవాళ్లలో సగానికే అదుపులో ఉంటుంది. ఎప్పటిదో పాత లెక్క, మీ అరుగు మీద ఇంకా అలాగే కూర్చుని ఉంది.

ఉయ్యూరు_మాస్టారు | జనవరి 18, సాయంత్రం 5:05

రిటైరయ్యాక చదవడమే పని కాబట్టి ఒక విషయం. మంగళగిరి అబ్బాయికి పాత సంగతే చెబుతా. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాదిపాటు ఎవరు చనిపోయినా ఇంటికెళ్లి, లక్షణాలు అడిగి, ఎందుకు పోయారో రాసుకున్నారు. 1,354 చావులు. జ్వరాలు, విరేచనాలు, పాముకాట్లు ముందుంటాయని అనుకుంటాం కదా? గుండె, రక్తనాళాల జబ్బులే 32 శాతం. అన్నిటికన్నా అవే ఎక్కువ. ఇరవై ఏళ్ల కిందటి మాట, అదీ పచ్చని డెల్టా పల్లెల్లో.

"పెద్దాయన నిద్దట్లో హాయిగా పోయాడు, పుణ్యాత్ముడు" అంటుంటాం. అందులో ఎన్ని బీపీ చావులో.

జాడీ | జనవరి 18, సాయంత్రం 6:20

ఎవరూ ఉప్పు సంగతి ఎత్తరేం? ఆవకాయ కలిపే చేతులు నావి, నేనే ఎత్తుతా. మా పుట్టింటి కొలత ఆవపిండి, కారం, ఉప్పు సమానం. జాడీకి ఏటా కిలోల లెక్కన రాళ్లుప్పు. అదిగాక గోంగూర నిల్వ పచ్చడి, పండుమిరప, ఊరమిరపకాయలు, వడియాలు, ఎండుచేప. కూలీకి పోయే ఇంట్లో కూర లేని రోజు ఉంటుంది కానీ పచ్చడి లేని రోజు ఉండదు. పచ్చడి అంటేనే ఉప్పు. ఇప్పుడు మానెయ్యమంటే అన్నం ఏ ముద్దతో దిగుద్ది చెప్పండి?

గుంటూరు_పీజీ | జనవరి 18, రాత్రి 8:00

జాడీ గారూ, మీరు చెప్పింది లెక్కతో సహా నిజం. 24 గంటల మూత్రం పట్టి ఉప్పు కొలిచిన ఒక అధ్యయనంలో మన ఆంధ్రాలో సగటు మనిషి రోజుకి తొమ్మిది గ్రాములకు పైగా తింటున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఐదు గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, రోజు మొత్తానికి. నేను పేషెంట్లకి ఆవకాయ మానమని చెప్పను, చెప్పినా వినరు. పచ్చడి వేసుకున్న ముద్దలో మళ్లీ ఉప్పు చల్లొద్దు, మజ్జిగలో ఉప్పు ఆపండి, అన్నం వండేటప్పుడు ఉప్పు వేసే అలవాటుంటే తీసేయండి అంటాను. ఈ మూడూ వింటున్నారు.

ఇంకోటి, ఉప్పు రకం మార్చడం. సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు. సిద్దిపేట దగ్గర ఏడు పల్లెల్లో ఐదు వందల మంది బీపీ ఉన్నవాళ్లతో మూడు నెలలు పరీక్షించారు. పై అంకె నాలుగైదు పాయింట్లు తగ్గింది. చైనాలో 600 పల్లెల్లో ఐదేళ్లు ఇదే చేస్తే పక్షవాతాలు తగ్గాయి. కానీ కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఈ ఉప్పు ముట్టొద్దు, ఒంట్లో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం.

జాడీ | జనవరి 18, రాత్రి 8:12

అన్నంలో ఉప్పు వెయ్యని పిల్ల కోడలిగా వచ్చిందని మా అత్తగారు పాతికేళ్ల కింద గొడవ చేసింది. ఆమెకి ఈ పోస్టు చూపిస్తా.

మెడికల్‌షాప్_తమ్ముడు | జనవరి 19, ఉదయం 10:30

పల్లె బీపీలో ఎవరూ మాట్లాడని ముక్క ఒకటుంది. గుంటూరు రూరల్‌లో నాలుగేళ్లు షాపులో పనిచేశా. మిరప కోతల సీజన్ వస్తే సాయంత్రం ఆరు నుంచి కౌంటర్ ముందు ఒకటే మాట, "ఒళ్లు నొప్పులకి ఇయ్యి". పొద్దుటి నుంచి వంగి కోసినవాళ్లు, నడుం పట్టేసి ఉంటుంది, రేపు మళ్లీ పోవాలి. డైక్లో అనే నొప్పి బిళ్ళ ఒకటి, గ్యాస్ బిళ్ళ ఒకటి కలిపి కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లం. కొన్ని ఊళ్లలో ఆ పొట్లంలో స్టెరాయిడ్ కూడా పడుతుంది. అది వేసుకుంటే రెండు గంటల్లో మనిషి లేచి కూర్చుంటాడు, ఇచ్చినవాడి చెయ్యి మంచిదంటారు. నొప్పి బిళ్ళలూ స్టెరాయిడ్లూ రెండూ బీపీ లేపుతాయి. నొప్పి బిళ్ళలు బీపీ మందుని కూడా సరిగా పనిచేయనీయవు, కిడ్నీల సంగతి సరేసరి.

ఒకామె ఉండేది. ఎడమ చేతి మూడు వేళ్లు పసుపు, కారం పట్టి ఎర్రగా ఉండేవి. రోజూ వచ్చేది, రోజూ పది రూపాయల నోటు అదే మడత. బీపీ బిళ్ళకి డబ్బుల్లేవనేది. నొప్పి బిళ్ళకి మాత్రం ఉండేవి. ఆమె తప్పు కాదు. నొప్పి కనపడుద్ది, బీపీ కనపడదు.

కృష్ణలంక_కరివేపాకు | జనవరి 19, మధ్యాహ్నం 12:10

ఇంగ్లిష్ మందులు ఎందుకు, సర్పగంధి వేరు పొడి ఉంది కదా. మన పూర్వీకులది. ఎవరికైనా కావాలంటే మెసేజ్ చేయండి.

గుంటూరు_పీజీ | జనవరి 19, మధ్యాహ్నం 1:25

సర్పగంధి పనిచేస్తుంది, నేను కాదనను. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ దాని మీద బ్రిటిష్ పత్రికలో రాశారు. 1952లో అందులోంచి రెసర్పిన్ అనే మందు తీశారు, ప్రపంచమంతా వాడారు. తర్వాత ఎందుకు తగ్గించారంటే మనిషి దిగులులో కూరుకుపోవడం, ముక్కు దిబ్బడ, మత్తు లాంటి ఇబ్బందులు, పైగా అంతకన్నా మంచివి వచ్చాయి. వేరు పొడిలో మందు ఎంతుందో అమ్మేవాడికే తెలియదు. అమ్మకండి దయచేసి.

అడ్మిన్ | జనవరి 19, మధ్యాహ్నం 1:40

ఇక్కడ మందులు అమ్మడం నిషేధం. మెసేజ్ చేయమనడం కూడా. హెచ్చరిక ఇచ్చాం.

పొన్నూరు_కాలవ | జనవరి 19, రాత్రి 11:15

చదువుతూ ఉన్నా రెండు రోజులుగా. రాయాలా వద్దా అని.

మా నాన్నకి 2019లో బీపీ బయటపడింది. 170 ఉండేది. బిళ్ళ మొదలుపెట్టారు. మూడు నెలలకి 128/80 వచ్చింది. ఊళ్లో మేం డాక్టర్ అని పిలిచే ఒకాయన ఉన్నాడు, ఇంజెక్షన్లు చేస్తాడు, డిగ్రీ లేదు. ఆయన చూసి "నార్మల్‌కి వచ్చింది, ఇంకెందుకు, ఒంట్లో వేడి చేస్తది ఆపెయ్" అన్నాడు. నాన్న సంబరపడిపోయాడు. స్ట్రిప్‌లో మిగిలిన ఆరు బిళ్ళలు అటక మీద పెట్టాడు, ఎప్పుడైనా తల తిరిగితే వేసుకుందామని. రెండుసార్లు వేసుకున్నాడు కూడా, తలనొప్పికి.

పద్నాలుగు నెలల తర్వాత పొద్దున పళ్లు తోముకుంటూ బ్రష్ జారిపోయింది. వంగి తీయబోతే చెయ్యి అందలేదు. మేం వాయువు అనుకున్నాం. వేడి నూనె రాశాం. మధ్యాహ్నం మాట పోయాక బండి కట్టించాం. గుంటూరు చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. "పొద్దున్నే వచ్చుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లం, నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి" అన్నారు.

ఇప్పుడు ఎడమ చేత్తో తింటాడు. మా అమ్మ కలిపి పెడుతుంది. ఆయన మీద నాకు కోపం లేదు, ఆ డాక్టర్ మీద కూడా పెద్దగా లేదు. మాకు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు: బిళ్ళ వేసుకుంటున్నావు కాబట్టే నార్మల్‌కి వచ్చిందని.

ఏఎన్‌ఎం_అక్క | జనవరి 19, రాత్రి 11:40

అయ్యా. ఏం చెప్పాలో తెలియట్లేదు.

నా పదహారేళ్ల ఉద్యోగంలో ఇంటింటికీ తిరిగి ఎక్కువసార్లు విన్న మాట "తగ్గింది, మానేశా". సర్వేలో గుర్తిస్తున్నాం, రాస్తున్నాం, ట్యాబ్‌లో ఎక్కిస్తున్నాం. ఆరు నెలలకి వెళ్తే మళ్లీ అదే 170.

గుంటూరు_పీజీ | జనవరి 20, ఉదయం 7:20

అక్క చెప్పిందే పశ్చిమ గోదావరిలోనూ జరిగింది. 18 పీహెచ్‌సీల పరిధిలో 54 పల్లెల్లో ఆశా వర్కర్లకి ట్యాబ్‌లిచ్చి బీపీ చూయించారు, ఎక్కువున్నవాళ్లని డాక్టర్ దగ్గరకి పంపించారు. పని బాగానే సాగింది. చివర్లో బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల లెక్క తీస్తే, ఆ పని జరగని ఊళ్లకీ వీటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కనుక్కోవడం ఒకటి, ఏళ్ల తరబడి మింగించడం ఇంకోటి.

పొన్నూరు అన్నా, నాన్నగారికి ఫిజియో ఆపకండి.

మేడికొండూరు_కూలన్న | జనవరి 20, రాత్రి 8:45

మింగరు మింగరు అంటున్నారు, మా వైపు కూడా వినండి. 104 బండి వస్తుంది, బిళ్ళలు ఊరికే ఇస్తారు, మంచోళ్లే. వచ్చేది పదింటికి. మేము ఏడింటికే ఆటో ఎక్కి చేలో ఉంటాం. ఆ రోజు ఆగితే కూలి పోద్ది. మా ఆవిడ వెళ్లి నా బిళ్ళలు అడిగితే మనిషి రావాలి, బీపీ చూడాలి అంటారు. రూల్ కరెక్టే. కానీ నేను ఎట్టా రావాలి?

ఎండాకాలం ఇంకో గోల. మే నెలలో ఆ బిళ్ళ వేసుకుని చేలోకి పోతే కళ్లు తిరిగి గట్టు మీద కూలబడ్డా. అప్పట్నుంచి ఎండాకాలం మానేస్తా.

ఏఎన్‌ఎం_అక్క | జనవరి 20, రాత్రి 9:30

అన్నా, మీరన్నది నూటికి నూరు నిజం. నెలకి రెండుసార్లు డాక్టర్ ఊరికి రావాలని 2023 ఏప్రిల్‌లో మన చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలోనే ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలుపెట్టారు. బండి టైమూ మీ టైమూ మాత్రం కలవలేదు. మా ఊళ్లో నేను ఒకటి చేస్తున్నా. సాయంత్రం ఆరున్నరకి ఆశా వర్కర్ రామాలయం దగ్గర మిషన్ పెట్టుకుని కూర్చుంటుంది, అంకె రాసి పంపిస్తుంది, బిళ్ళలు మా క్లినిక్ నుంచి ఇంటికి వెళ్తాయి. పై ఆఫీసర్ ఒప్పుకున్నాడు కాబట్టి నడుస్తోంది. మీ ఊరి ఎంఎల్‌హెచ్‌పీని, అదే ఊరి క్లినిక్ చూసుకునే ఆరోగ్య ఉద్యోగిని, అడిగి చూడండి.

ఎండాకాలం సంగతి: మీది మూత్రం ఎక్కువ పోయించే రకం బిళ్ళ అయ్యుండొచ్చు. చెమటతో నీళ్లు పోయి, బిళ్ళతో ఇంకొన్ని పోతే బీపీ మరీ పడిపోతుంది. మానేయకండి, మార్చి నెలలోనే డాక్టర్‌కి "కళ్లు తిరిగాయి" అని చెప్పండి. రకమో మోతాదో మారుస్తారు.

తెనాలి_కోడలు | జనవరి 20, రాత్రి 9:50

మా అత్తయ్యకి ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్ళ మొదలుపెట్టాక సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. కిడ్నీలు పోయాయని ఏడుస్తోంది.

గుంటూరు_పీజీ | జనవరి 20, రాత్రి 10:15

ఆ మందుతో వాపు చాలామందికి వస్తుంది, చాలావరకు కిడ్నీ కాదు. కానీ ఒకసారి మూత్రం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించి డాక్టర్‌కి చూపించండి, మందు మారుస్తారు. ఏడవద్దని చెప్పండి. అలాగే ఎనలాప్రిల్, రామిప్రిల్ అనే బీపీ మందులు వాడేవాళ్లకి పొడిదగ్గు వస్తే అదీ మందు వల్ల కావచ్చు. ఇవన్నీ ముందే చెప్పకపోవడం మా తప్పు. ఓపీలో రెండు నిమిషాల్లో ఏం చెబుతాం.

కాకానిరోడ్ | జనవరి 26, రాత్రి 9:00

అప్‌డేట్. సెలవు కలిసొచ్చి మళ్లీ ఊరెళ్లాను. ఈసారి అరుగు కాదు, నడవాలో ప్లాస్టిక్ కుర్చీ, పక్కన స్టూలు మీద దిండు. గోడకి అట్ట తగిలించా: "మాట్లాడరాదు". మా అత్తని వేరే ఇంటికి పంపించా.

పదముగ్గురిలో ఇద్దరు హైదరాబాద్ వెళ్లిపోయారు. పదకొండు మందికి నిన్న రెండుసార్లు, ఇవాళ రెండుసార్లు చూశా. నలుగురికి 140 లోపే వచ్చింది. ఏడుగురికి రెండు రోజులూ ఎక్కువే. అక్క చెప్పినట్టే, కొందరు పోయారు, అందరూ పోలేదు. ఆ ఏడుగురి పేర్లు ఎంఎల్‌హెచ్‌పీ మేడమ్‌కి ఇచ్చా.

బాబాయికి 172/100. కొమ్ములకి రంగు లేదు, చుట్ట లేదు, మాట లేదు. చూసి కాసేపు ఏమీ అనలేదు. పొన్నూరు అన్న రాసింది ఫోన్‌లో చదివి వినిపించా. బ్రష్ జారిపోయిన దగ్గర "ఇంక చాల్లే" అన్నాడు. సాయంత్రం తనే మేడమ్ దగ్గరకి వెళ్లి బిళ్ళలు తెచ్చుకున్నాడు. స్ట్రిప్‌ని చుట్టల డబ్బాలో పెట్టాడు. ఎందుకంటే అది మర్చిపోయే ప్రసక్తే లేదట.

ఏఎన్‌ఎం_అక్క | జనవరి 26, రాత్రి 9:20

బిళ్ళ ఉంచి చుట్టలు తీసేయమని చెప్పండి, నెమ్మదిగా. వచ్చే నెల అంకె ఇక్కడ రాయండి.

మంగళగిరి_మగ్గం | జనవరి 26, రాత్రి 10:02

నేనూ ఒక మిషన్ ఆర్డర్ పెట్టా. మా నాన్నకి 156. నాకు 148. మళ్లీ చూసుకుంటా, ఐదు నిమిషాలు కూర్చుని.

కాకానిరోడ్ | జనవరి 26, రాత్రి 10:15

సెల్స్ ఎక్కువ తెచ్చుకో బ్రో. మా ఇంట్లో గడియారం కనుమ నుంచి పదకొండూ ఇరవై దగ్గరే ఆగిపోయింది. అమ్మకి బీపీ లేచేది ఇప్పుడు దానికే.